మంచును నమ్మిన మేనత్త

మొన్న మా కాలనీలో ఒకాయన ప్లాస్టిక్ డబ్బాలో ఇప్పపువ్వు లడ్డూలు తెచ్చిపెట్టి, ఒంటికి ఎంత మంచివో చాలాసేపు ఉపన్యాసం ఇచ్చాడు. ఒకటి నోట్లో వేసుకున్నాను. ఆ మత్తు వాసన తగలగానే ఆయన మాటలు వినపడటం మానేశాయి. ఆదిలాబాద్ అడవి అంచున మా మేనత్త ఇల్లు గుర్తొచ్చింది. ఫాల్గుణం వచ్చిందంటే ఆ ఇంటి వాకిట్లో, అటక మీద, చివరికి ఆమె చీర కొంగులో కూడా ఇదే వాసన.

ఆమె చేనుగట్టు మీద ఇప్పచెట్లు ఉండేవి. మామ పోయాక, కింద రాలిన ఆ పువ్వు ఏరి అమ్ముకోవడమే ఆమెకు ఆసరా. రాలిన టేకాకుల్లో పువ్వు కనపడదు కాబట్టి, పూత రాలకముందే, మాఘంలో ఆ ఆకుకు నిప్పు పెట్టేది. తెల్లవారుజామున నన్ను కూడా లేపి తీసుకుపోయేది. గడ్డంతా మంచుతో తడిసి, కాళ్లు కొంకర్లు పోయేవి. ఆ తడికి మంట పైకి లేవలేక, నేల మీద పాకి, కొంతదూరం పోయి దానంతటదే ఆరిపోయేది. "మంచు వట్టిన గడ్డి మీద మంటకు బలముండది బిడ్డా, జర దగ్గరికొచ్చి చలి కాగు" అనేది. అడవిశాఖ జవాను కూడా అక్కడే ఆగి బీడీ ముట్టించుకునేవాడు. ఏటేటా ఆకు అలా కాలిపోవడం వల్ల ఎండాకాలంలో పెద్ద మంట లేచేది కాదు.

ఎనభైల చివర్లో ఒక ఏడు మంచు పడలేదు. మాఘంలోనే చెమటలు పట్టాయి. అత్త రోజూ వట్టి కాళ్లతో గడ్డి తొక్కి చూసి, తడి తగలక ఇంటికి తిరిగొచ్చేది. పువ్వు రాలే రోజులు దగ్గరపడ్డాయి. ఇంకెంత ఆగుతుంది? ఎప్పటిలాగే నిప్పు పెట్టింది. ఎండుగడ్డి భగ్గుమంది, పొద్దెక్కేసరికి గాలి తోడైంది. పచ్చి మండలతో కొడుతూ, ఏడుస్తూ మంట వెంట పరుగెత్తిందట. ముందు ఆమె చెట్లు కాలాయి, తర్వాత అడవి కాలింది.

కబురు తెలిసి బాపూ నేనూ వెళ్లేసరికి నల్లబడ్డ మొదళ్ల దగ్గర కూర్చుని ఉంది. "ఎందుకు వెట్టినవక్కా?" అని బాపు కసిరాడు.

"గట్లంటవేందిరా తమ్మీ? నేనేమన్న కొత్త పని జేసిన్నా? మంచు రాలే. నన్ను అడిగెటోళ్లే అందరు. రాని మంచును అడిగెటోడు ఒక్కడన్న ఉన్నడా?"

ఆమె మంటలో ఏళ్లపాటు బీడీ ముట్టించుకున్న జవానే కేసు రాశాడు. కాలిన చోట వరసలుగా నీలగిరి మొక్కలు నాటారు. మాఘంలో ఎవరూ నిప్పు పెట్టొద్దని హుకుం వచ్చింది. అడవిలో ఆకు మోకాళ్లదాకా పేరుకుంది. తర్వాత ఏ ఎండాకాలం ఎవరి బీడీ ముక్కతో అడవి అంటుకున్నా, ఊరు మాత్రం "అడివి గాల్చిన ముసల్ది" అని ఆమెనే తిట్టింది. ఆ పేరుతోనే పోయింది.

వాతావరణం మారిందని ఇప్పుడు టీవీలో పెద్దమనుషులు తీరిగ్గా చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. మాఘం ఏటా క్యాలెండర్‌లో తప్పకుండా వచ్చిపోతూనే ఉంది; తేవలసిన మంచును తేవడం మానేసింది, ఆ తప్పు మాత్రం ఆ ఊళ్లో ఇంకా మా అత్తదే.