పేరు పెట్టి పిలవలేదని

అద్దంకి నుంచి గుంటూరు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ బస్సు ఉదయం ఆరున్నరకి. నేను ఆరింటికే వచ్చి బస్టాండులో నిలబడ్డాను. ఇస్త్రీ పంచె, తెల్ల లాల్చీ, భుజాన మా తాతగారి నాటి జరీ కండువా. జరీ ఒకచోట పోగులు లేచింది, ఆ వైపు లోపలికి మడిచి వేసుకున్నాను. గుంటూరులో సామాజిక న్యాయం, మానవ హక్కుల మీద లఘుచిత్రాల పోటీ జరుగుతోంది. అందులో చూపించే ఒక చిత్రంలో నేను నటించాను. డెబ్బై దాటాక ఇలాంటి వాక్యం రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

చిత్రం తీసింది నజియా. మా ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టిన దర్జీ మస్తాన్ మనవరాలు, ఒంగోల్లో డిగ్రీ చదువుతోంది. మిరప కాయ కల్లాల్లోకి వచ్చిన రోజుల్లో ఓ సాయంత్రం మా ఇంటికొచ్చి, "తాతగారూ, మీ కల్లం, మీ పొగాకు బ్యారన్ గోడ, మీరు. ఈ మూడూ కావాలండీ" అంది. ఒకప్పుడు పొగాకు కాల్చిన ఆ బ్యారన్‌కి గోడలే మిగిలాయి, కప్పు ఎప్పుడో కూలింది. పొలాలు పోయినా కల్లం మాత్రం మాకు ఉండిపోయింది, ఊళ్ళో రైతులు ఇప్పటికీ అక్కడే కాయ ఆరబోస్తారు. నాకు నటన రాదన్నాను.

"మీరు నటించక్కర్లేదండీ. రోజూ కూర్చున్నట్టే కూర్చోండి చాలు. అంత నిటారుగా కూర్చునే మనిషి మా కాలేజీ మొత్తం వెతికినా దొరకలేదు."

పొగిడిందో ఎత్తిపొడిచిందో తెలియలేదు. ఒప్పుకున్నాను.

కథ చిన్నది. కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. అందుకని పొద్దుటినుంచి నీళ్ళు తాగకుండా, చీకటి పడేదాకా ఓర్చుకుంటారు. వాళ్ళల్లో పెద్దావిడ కోటమ్మ. నిజంగానూ మా కల్లంలో కాయలు ఏరిన మనిషే, ఆవిడకి ముందు వాళ్ళమ్మ ఏరింది. చిత్రంలో కోటమ్మకి మాటల్లేవు. నా ఎదుట వచ్చి నిలబడుతుంది. పెరట్లో దొడ్డి వాడుకోనివ్వమని పక్కనున్న పిల్ల అడుగుతుంది. నేను "చీకటి పడనీ" అనాలి. అంతే. ఆ మాట నాకు ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది. మా నాన్నగారి గొంతుతోనే వచ్చేసింది. నజియా కెమెరా ఆపి, "ఇంకోసారి అక్కర్లేదండీ" అంది.

పోటీలో ప్రతి చిత్రం అయ్యాక దాన్ని తీసినవాళ్ళు వేదికెక్కి నాలుగు మాటలు చెప్పుకోవచ్చు. మా చిత్రం తరఫున కోటమ్మే మాట్లాడాలని నజియా పట్టుబట్టింది. కల్లాల దగ్గర మరుగుదొడ్లు మంజూరు చేయగల అధికారిణి ఒకావిడ ముఖ్య అతిథిగా వస్తున్నారట, భోజనాల వేళ దాకే ఉంటారట. ఆవిడ చెవిన పడాల్సింది కోటమ్మ మాట. చిత్రంలో లేని మాట.

కోటమ్మ గులాబీ రంగు కొత్త చీర కట్టుకుని, స్టీలు టిఫిన్ డబ్బా ఉన్న సంచీతో వచ్చింది. బస్సు రాగానే ముందు తలుపు దగ్గర ఆగి, నేను ఎక్కాకే ఎక్కింది. నా వెనక సీట్లో కూర్చుంది. మా ఊళ్ళో అదొక అలవాటు. మా ఇంటివాళ్ళు కూర్చుని ఉంటే పనివాళ్ళు దాటి ముందుకు పోరు. కలిసి వెళ్ళాల్సి వస్తే మేం కదిలాకే కదులుతారు. పొలాలు పోయాయి, పాలేర్లు వెళ్ళిపోయారు, కోటమ్మ వయసు వాళ్ళల్లో ఆ అలవాటు మాత్రం పోలేదు. ఆ ఉదయం నేను దాన్ని గమనించను కూడా లేదు.

ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా. కోటమ్మ ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకుంది. కండక్టర్ నా దగ్గరికొచ్చి నవ్వాడు. "ఈ బస్సులో డబ్బులిచ్చే మారాజులు ఇప్పటిదాకా నలుగురే పెద్దాయనా. మీరు అయిదో ఆయన."

"మాకది కొత్త కాదులేవయ్యా" అన్నాను. వెనక కోటమ్మ నవ్విన చప్పుడు వినపడింది.

మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కాం. మార్టూరు దాటేదాకా రోడ్డు పక్కన గ్రానైటు పలకలు, ఆ తర్వాత పత్తి మోళ్ళు, కల్లాల్లో పరిచిన ఎర్రటి కాయ. నా పక్కన మార్టూరులో ఎక్కిన పురుగుమందుల షాపాయన కండువా వైపు చూసి, "పెళ్ళికాండీ?" అన్నాడు. సినిమాకని చెప్పాను. "మీరు హీరోనా?" అన్నాడు. విలన్నన్నాను. ఆయన కాస్త పక్కకి జరిగి కూర్చున్నాడు.

వెనక కోటమ్మ పెదాలు కదుపుతూనే ఉంది. మాటలు వల్లె వేసుకుంటోంది. చెవికి ఒకటీ అరా అందాయి గానీ వాక్యం ఏదీ అందలేదు.

చిలకలూరిపేటలో బస్సు కాసేపు ఆగింది. స్టాండు బయట ఇడ్లీ బాగుంటుంది, అల్లం పచ్చడి ఇంకా బాగుంటుంది. కోటమ్మ హోటల్లోకి రాలేదు, బస్సు పక్కన నిలబడి డబ్బాలో పులిహోర తింది. నీళ్ళసీసా ఇవ్వబోతే, "గుంటూరెళ్ళాక చూద్దాంలెండయ్యా. దార్లో ఎందుకు?" అంది.

గుంటూరు దగ్గరవుతుండగా మిరప ఘాటు తగిలి బస్సులో సగం మంది తుమ్మారు. మాకిద్దరికీ ఏమీ కాలేదు. బస్టాండు నుంచి షేర్ ఆటోలో పది నిమిషాలు. హాలు పెద్దది, ఏసీ ఉంది, లోపలికి ఉచితం. కోటమ్మ ముందు మరుగుదొడ్డి ఎక్కడని అడిగి వెళ్ళింది. తిరిగొచ్చి మెల్లగా, "గడియ లోపలేపు ఉందయ్యా. రెండుసార్లు వేసి చూశాను" అంది. అప్పుడు సీసాడు నీళ్ళు తాగింది.

నజియా ముందు రోజే వచ్చి వాళ్ళ పిన్ని ఇంట్లో ఉంది. మా చిత్రానికి శబ్దం సరిగా రావడం లేదని హాలు చివర కంప్యూటర్ల దగ్గర హడావిడి పడుతోంది. మమ్మల్ని చూసి, "ముందు కూర్చోండి, మన చిత్రం అయ్యాక పైకి రండి" అని చెప్పి పరుగెత్తింది. నేను రెండో వరసలో కూర్చున్నాను. కోటమ్మ నా వెనక మూడో వరసలో కూర్చుంది. ముఖ్య అతిథి మొదటి వరసలో నాకు ఎదురుగానే ఉన్నారు, చేతిలో పెన్ను పట్టుకుని శ్రద్ధగా చూస్తున్నారు.

పన్నెండు దాటాక మా చిత్రం వేశారు. తెరమీద అంత పెద్దగా నన్ను నేను చూసుకోవడం అదే మొదలు. "చీకటి పడనీ" అన్నప్పుడు హాల్లో ఎవరో "అబ్బా" అన్నారు. దీపాలు వెలిగాయి, చప్పట్లు బాగానే పడ్డాయి. మైకు ముందున్న కుర్రాడు, "చిత్ర బృందం వేదిక మీదికి రావాలి" అన్నాడు.

నేను లేవలేదు.

మా ఇంట్లో పేరు పెట్టి పిలవందే ఎక్కడికీ లేవరు. ఒకసారి వేటపాలెంలో చుట్టాల పెళ్ళికి వెళితే, "అందరూ భోజనాలకి రండి" అని మైకులో చెప్పారు గానీ ఎవరూ వచ్చి మా నాన్నగారిని పిలవలేదు. ఆయన మూడు బంతుల వాళ్ళు తిని లేచేదాకా పందిట్లో కుర్చీలో కూర్చుని, ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నారు. ఆ సంగతి మేం గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఆ కుర్రాడు నా పేరు పిలుస్తాడని చూశాను. పేరు వాడి దగ్గర లేదేమో. నజియా చివర్నుంచి పరుగెత్తి వచ్చి వేదికెక్కి, మా వైపు చెయ్యి ఊపింది. చెయ్యి ఊపితే లేచి వెళ్ళడమా అనుకున్నాను. అయినా మాట్లాడాల్సింది కోటమ్మ, ఆ ఊపింది కోటమ్మకేలే అనుకున్నాను. ఇంకోసారి ఊపింది. కుర్రాడు, "సమయం తక్కువుందండీ, త్వరగా" అన్నాడు. నజియా రెండు వాక్యాలు తడబడుతూ చెప్పి దిగిపోయింది. తర్వాతి చిత్రానికి దీపాలు ఆర్పేశారు.

భోజనం పప్పు, గోంగూర, పెరుగు. ప్లేటు పట్టుకుని నిలబడితే న్యాయనిర్ణేతల్లో ఒకావిడ వచ్చి పలకరించారు. "మీరు బాగా చేశారండీ. మేడమ్ వెళ్తూ వెళ్తూ అడిగారు, ఆ పెద్దావిడ రాలేదా అని. వచ్చుంటే నాలుగు మాటలు విందామనుకున్నారట."

"ఆవిడ వెళ్ళిపోయారా?"

"ఇప్పుడే కారెక్కారు."

కోటమ్మ కుళాయి దగ్గర ప్లేటు కడుగుతోంది. వెళ్ళి, "నువ్వెందుకు లేవలేదు కోటమ్మా?" అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది.

"మీరు లెగలేదు గదయ్యా" అంది. తప్పు పట్టినట్టు కాదు, నాకు తెలిసిన సంగతే నాకు చెప్పినట్టు.

మొదటి బహుమతి వాడరేవులో ఎండుచేపలు ఆరబెట్టే ఆడవాళ్ళ మీద తీసిన చిత్రానికి వచ్చింది. అందులో ఒకావిడ వేదికెక్కి బాగా మాట్లాడింది. మాకు పాల్గొన్నట్టు కాగితం ఇచ్చారు. నజియా దాన్ని చుట్టి సంచీలో పెట్టుకుని, "నేను చెయ్యి ఊపాను కదా తాతగారూ" అంది. పేరు పెట్టి పిలవలేదని చెప్పబోయాను. ఆ పిల్ల అప్పటికే కోటమ్మ వైపు తిరిగింది. ఆవిడ చీర కొంగు సవరించి, "బాగుందవ్వా నీ చీర" అని ఆవిడ్ని మాత్రం నవ్వించి వెళ్ళింది.

నాలుగింటి బస్సుకి బయల్దేరాం. ఖాళీగానే ఉంది. నా పక్క సీటు చూపించి కూర్చోమన్నాను. "ఇక్కడ గాలి వస్తందిలెండి" అని కోటమ్మ వెనకే కూర్చుంది. చిలకలూరిపేట దాటాక కల్లాల్లో ఆడవాళ్ళు కాయ మీద పట్టాలు కప్పుతున్నారు, పొద్దు వాలుతోంది. వెనక్కి తిరిగి, పైన ఏం చెప్పాలనుకున్నావో నాకైనా చెప్పమన్నాను.

"అది ఆ అమ్మగారికి చెప్పాల్సిందయ్యా" అంది. సంచీ ఒళ్ళోకి లాక్కుని, "మీకు చెప్పేదేముంది? మీకు తెలుసు గదా" అంది.

ఈ పోటీ ఏటా జరుగుతుందట. వెళ్ళేవాళ్ళు పొద్దుటి బస్సుకే వెళ్ళండి, చిత్రాలన్నీ మంచివే, భోజనమూ పెడతారు. చిత్ర బృందం రావాలన్నప్పుడు మీ పేరు వినపడేదాకా ఆగకండి. మీ వెనక ఎవరు కూర్చున్నారో చూసుకోండి.

అద్దంకిలో దిగేటప్పుడు నేను సీట్లోంచి లేచి పక్కకి జరిగి, కోటమ్మకి దారిచ్చాను. ఆవిడ కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడింది. నేను ఇంకొంచెం జరిగాను. ఆవిడ కదల్లేదు. దార్లో ఎక్కినవాళ్ళు వెనకనుంచి తోస్తున్నారు. "దిగండి పెద్దాయనా, బండి తియ్యాలి" అన్నాడు కండక్టర్.

నేనే ముందు దిగాను.