ముందుజాగ్రత్త పథ్యం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఎండాకాలం టెక్కలిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాను. రెండేళ్ళకు మానేశాను. అక్కడ ప్రధానమైన పని క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష. కిడ్నీ జబ్బులకు పేరుపడిన ఉద్దానం నుంచి మనిషి కాలు బెణికిందని వచ్చినా ముందు అదే రాసేవారు. అది వైద్యమో భయమో అడిగే హోదా నాది కాదు.

పూండి వైపు నుంచి వచ్చిన సూరమ్మ పలాస జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టేది. చేతుల మీద పొక్కులు లేచాయి. అంటురోగమేమోనని మేస్త్రీ ఆమెను ఆపేశాడు. డాక్టరు కాగితం తెస్తేనే పనన్నాడు. భర్త డయాలసిస్ మీద ఉన్నాడు. ఇల్లు నడిచేది ఆ చేతుల మీదే. మా డాక్టరుగారు బల్లకు అవతల నుంచే చూసి ‘జీడి కాల్పు’ అని రాశారు. అలవాటుగా కిడ్నీ పరీక్షలకూ పంపారు.

“ఏటి బాబూ, సెయ్యి సూపిత్తే ఉచ్చ అడుగుతన్నారు? రేపు కన్ను సూపిత్తే ఏటడుగుతారో!” అంది సూరమ్మ.

క్రియాటినిన్ మామూలుగానే ఉంది. కాని జీడిపిక్క పెంకులోని నూనె కాలిస్తే అరచేయి, వేళ్ళ కొనలు కాలాలి. ఆమెకు అవి నల్లబడ్డాయే తప్ప చెక్కుచెదరలేదు. పొక్కులన్నీ ఎండ తగిలే వెనకవైపే. పని ఆగి మూడు వారాలైనా కొత్తవి లేస్తున్నాయి. కిటికీలో మరిచిపోయిన ఆమె మూత్రం సీసా వెలుతురుకు సాయంత్రానికల్లా డికాక్షన్ రంగుకు తిరిగింది. డాక్టరుగారికి చూపించాను. నీళ్ళు తక్కువ తాగి ఉంటుందన్నారు, సీసా వంక చూడకుండానే.

ఏం తింటున్నావని అడిగితే ఆమె భర్తకిచ్చిన పథ్యం కాగితం తీసింది. పళ్ళు వద్దు, నిమ్మకాయ వద్దు, ఆకుకూర ఉడికించిన నీళ్ళు పారబోయాలి. కిడ్నీ చెడినవాడికి అది సరైనదే. రెండేళ్ళుగా ఆమెదీ అదే తిండి.

“ఆయనకో కుండ, నాకో కుండ ఎడతామేటి? మా ఈదంతా అలాగే తింతన్నారు. ముందు జాగర్త. మీ డాట్రుబాబే మంచిదన్నాడు.”

రోగం రాకముందే పథ్యం పట్టిన వీధి! దాన్ని మెచ్చుకున్న వైద్యుడు!

వెలుతురు తగలకుండా రేకు చుట్టిన కొత్త శాంపిల్ ఇచ్చి, ఆమెను విశాఖలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి పంపాను. అక్కడ పార్ఫిరియా అని తేల్చారు. నెత్తుటి ఎరుపుకు కావలసిన సరుకు కాలేయంలో సగం తయారై ఆగిపోయి, చర్మంలో చేరి, ఎండకు పొక్కులు లేపే రుగ్మత అది. ఆ పథ్యంలో కరువైన సి విటమిన్ ఒంట్లో బాగా తక్కువగా ఉంది. ఆ లోపం ఒక కారణమై ఉండవచ్చు గాని అదొక్కటే అని చెప్పలేనని ఆ డాక్టరు రాశారు. తెలియనిది తెలియదని రాసిన కాగితం ఆ ఉద్యోగంలో నేను చూసింది అదొక్కటే. చికిత్స: ఎండకు చేతులు కప్పుకోవడం, నిమ్మ, ఉసిరి, ఒంట్లో ఇనుము తగ్గడానికి అప్పుడప్పుడు కొంత రక్తం తీయించుకోవడం.

“ఉచ్చ అయిపోనాది, ఇప్పుడు నెత్తురా!” అని నవ్వింది సూరమ్మ.

కొన్ని నెలలకు పొక్కులు మానాయి. అంటురోగం కాదన్న కాగితం చూసి మేస్త్రీ పనిలోకి తీసుకున్నాడు. మా డాక్టరుగారు తాను మొదటి రోజే అనుమానించానని అందరికీ చెప్పుకున్నారు.

ఆ తరువాత ల్యాబు ఫారంలో ‘ఈమధ్య తినడం మానేసినవి’ అని ఒక గడి చేత్తో గీశాను. కొత్త ఫారాలు అచ్చయినప్పుడు మేనేజరు దాన్ని తీసేయించాడు. ఆ గడిలో ఉండే ప్రశ్న ఇప్పుడు పనిచేసే ల్యాబులోనూ నోటితో అడుగుతాను. చెయ్యి చూపిస్తే తిప్పి కూడా చూస్తాను.