పాలకూర తిని పాసైన బాపు

మా బాపు ముప్ఫై ఏళ్లు బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ మరుసటి ఏడే గుండెలో కవాటం చెడిపోతే హైదరాబాద్‌లో లోహపుది వేశారు. దాని మీద రక్తం గడ్డకడితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, బతికినన్నాళ్లూ రక్తం పలచబడే గోలీ వేసుకోవాలి. ఇక్కడిదాకా మా ఇంట్లో అందరికీ అర్థమైంది. అర్థం కానిదల్లా పాలకూర సంగతి.

ఆకుకూరలు ఎక్కువైతే ఈ గోలీ బలం తగ్గుతుందని మంచిర్యాల డాక్టర్ చెప్పాడు. అలాగని మానెయ్యొద్దు, రోజూ ఒకే కొలతలో తింటే దానికి తగ్గట్టు మందు తానే సరిచేస్తానన్నాడు. బాపుకు అప్పుడే ఆయన మీద అనుమానం వచ్చింది. మందిచ్చినవాడు ఏదో ఒకటి తినొద్దనాలి. కూర తినమని చెప్పేవాడు ఏం డాక్టర్?

ఆ లోటు మా వాడకట్టు తీర్చింది. బావిలో బాపుతో పనిచేసినవాళ్లు పరామర్శకు వచ్చి తలా ఒక పథ్యం చెప్పిపోయారు. ఒకాయన వంకాయ వద్దన్నాడు, ఇంకొకాయన గోరుచిక్కుడు, మరొకాయన చన్నీళ్ల స్నానం. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన పక్కింటాయన మోకాళ్ల నొప్పికని ఒక డబ్బా గోలీలిచ్చి, వీటికి పథ్యమే లేదు, ఎన్నైనా వేసుకోవచ్చన్నాడు. ఆ గోలీ ఈ గోలీ కలిస్తే కడుపులో రక్తం కారుతుందని డాక్టర్ బెదరగొట్టాక అవ్వ, అంటే మా అమ్మ, ఆ డబ్బాను బియ్యం డ్రమ్ములో దాచింది. నెల తిరిగేసరికి బాపు తినదగినవి పెరట్లోని పాలకూర, తోటకూర మాత్రమే మిగిలాయి. వాటిని పొద్దూమాపూ మేసేవాడు.

దాంతో రక్తం ఎంత పలచబడిందో పరీక్ష చేసినప్పుడల్లా అంకె తక్కువ వచ్చేది. మా బాపుకు అది మూడుకు అటూఇటూగా ఉండాలట. తక్కువైతే మందు పెంచి మళ్లీ వారానికే రమ్మనేవాళ్లు. నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మను. నేను వెంట లేకుండా బాపు ఆస్పత్రి మెట్టెక్కడు. సెలవు అడిగినప్పుడల్లా ప్రిన్సిపాల్ మొహం ముడుచుకునేది. ఆ కోపమంతా బస్సులో దిగమింగుకుంటూ వచ్చి ఇంట్లో అవ్వ దగ్గర కక్కేదాన్ని.

ఉన్నట్టుండి అంకె దారికొచ్చింది. మూడు. మరుసటి వారమూ మూడే. ఇక నెలకొకసారి వస్తే చాలన్నాడు డాక్టర్. బాపు ఆ కాగితం జేబులో పెట్టుకుని వాడంతా తిరిగాడు. పాలకూర తింటూ మూడు తెచ్చుకున్న మొనగాడు కదా, సలహాల కోసం జనం రావడం మొదలైంది. షుగర్ ఉన్న ఒక పెద్దాయనకు బాపు బెండకాయ మాన్పించాడు. ఎందుకో ఇద్దరికీ తెలియదు.

పరీక్షలో మూడోసారి పాసైన రెండు వారాలకు, పొద్దున ఛాయ్ తాగుతుంటే బాపు కుడిచేతిలోంచి గ్లాసు జారిపోయింది. మాట ముద్దయింది. పక్కింటివాళ్లు ఒకరు ఉల్లిగడ్డ వాసన చూపిస్తుంటే ఇంకొకరు అరికాళ్లు రుద్దారట. చివరికి ఆటో తెచ్చిందీ వాళ్లే. నేను బస్సు దిగి ఆస్పత్రికి చేరేసరికి చెయ్యి కదులుతోంది, మాట చాలావరకు తిరిగొచ్చింది. మెదడుకు ఎక్కిన రక్తపు గడ్డ చిన్నది కాబట్టి తప్పించుకున్నాడని, ఇంకోసారి ఇలా తప్పించుకోలేకపోవచ్చని డాక్టర్ చెప్పాడు. ఆ రోజు అంకె ఒకటీ చిల్లర. గోలీ మానేశాడా అని ఆయన అడిగితే, రోజూ నా చేత్తోనే ఇస్తున్నానని అవ్వ ఒట్టేసింది.

మంచం పక్కన కూర్చుని, మరి అంకె ఎందుకు పడిపోయిందని నేనే అడిగాను. బాపు ఫ్యాన్ వంక చూస్తూ చెప్పాడు.

"బావిల మెడికల్ టెస్టు ఉన్నదంటే నాలుగు దినాల ముంగటనే తొక్కు పచ్చడి, కల్లు బంద్ పెడుతుంటిమి. ముప్ఫై ఏండ్లల ఒక్కపారి సుత ఫెయిల్ కాలే. గిది సుత గంతే అనుకున్న."

అదీ సంగతి. పరీక్షకు రక్తం ఇచ్చే ముందు నాలుగు రోజులు ఆకుకూర ముట్టడు. అంకె మూడుకు ఎక్కుతుంది. డాక్టర్ మెచ్చుకుని మందు మార్చకుండా పంపిస్తాడు. ఆ పూట నుంచే మళ్లీ రెండు పూటలా పాలకూర. నెలలో మిగతా రోజులన్నీ ఆ గోలీ ఉన్నా లేనట్టే.

నాకు ఒళ్లు మండిపోయింది. వార్డంతా వింటున్నా పట్టించుకోకుండా అరిచాను. ఇది నౌకరి మెడికలా, ఎవరు మెచ్చుకోవాలని ఈ పాస్ మార్కులు, పోయేది నీ ప్రాణం కాదా అని.

"ఫెయిలైతే వారం వారం రమ్మంటరు బిడ్డా," అన్నాడు బాపు. "నువ్వు వచ్చినప్పుడల్లా అవ్వతోని మొత్తుకుంటుంటివి. నా పరేషాన్‌ల నీ నౌకరి పోతదని..."

సిగ్గుతో తలగడ సర్దుతున్నట్టు నటించాను.

మరునాడు డాక్టర్ వచ్చి, ఇక నుంచి వారానికొకసారి చెప్పకుండా ఏ రోజైనా పిలుస్తానని చెప్పి, వెంట ఎవరొస్తారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే బాపు లేచి కూర్చున్నాడు.

"నేనొక్కన్నే వస్త సారూ. నాకు మంచిగనే ఉన్నది."

ఆ 'మంచిగ' అన్న మాట ఆయన నోట ఇంకా సరిగ్గా తిరగడం లేదు.