పున్నమ్మ కూర్చోని కుర్చీ

తోడికోడలు కోటేశ్వరి పుట్టింటి నుంచి తెచ్చుకున్న రెండు మహాగని కుర్చీలను చూసి పున్నమ్మ పంతొమ్మిదేళ్లు కళ్లల్లో నిప్పులు పోసుకుంది. ఎప్పుడో మిషను ఆసుపత్రి నడిపిన ఒక అమెరికా దొర వాటిని ఓడలో తెచ్చుకున్నాడట. దొర వెళ్లిపోతూ వేలం వేస్తే పొగాకు షావుకారు పాడుకున్నాడు. ఆయన దగ్గర కోటేశ్వరి నాన్న కొన్నాడు. కొడవలిలా వంగిన ఆ కాళ్లను, అద్దంలాంటి ఆ నునుపును మెచ్చుకోకుండా ఇంటికొచ్చిన చుట్టం ఎవరూ కాఫీ ముట్టేవాళ్లు కాదు. పున్నమ్మ తెచ్చుకున్న ఇనప బీరువాను మాత్రం ఒక్కరూ మెచ్చుకున్న పాపాన పోలేదు.

"కూర్చో అక్కా" అని కోటేశ్వరి ఎన్నిసార్లన్నా, "నాకు నేలే సుఖం" అని మిరపకాయల తొడిమలు తీసుకుంటూ కిందే కూర్చునేది.

రెండువేల మూడులో కుర్చీల పేము అల్లిక తెగింది. పున్నమ్మకు ప్రాణం లేచొచ్చింది. బాగుచేయడానికి మార్టూరు నుంచి వచ్చిన మాలిక్ రెంటినీ తిరగేశాడు. గిన్నెల మీద వేయించుకున్నట్టే, అడుగున కొన్నవాళ్ల పేర్లన్నీ వరసగా చెక్కి ఉన్నాయి. దొర, షావుకారు, కోటేశ్వరి నాన్న. ఆఖరున ఒకదానికి కోటేశ్వరి పేరుంది. రెండోదానికి పున్నమ్మ పేరుంది.

"కాపురానికొచ్చిన ఏడే చెక్కించానక్కా. కూర్చున్న రోజున చెబుదామనుకున్నా. నువ్వేమో కూర్చోకపోతివి" అంది కోటేశ్వరి.

పున్నమ్మ తన పేరు మీది దుమ్ము కొంగుతో తుడిచింది. రెండు పేర్లనూ మార్చి మార్చి చూసింది.

"నీ పేరు అంత పెద్దగా వేయించుకుని, నాది ఇంత చిన్నగా వేయించావేమే?" అంది.