మట్టె కోసిన కంసాలి

మిర్యాలగూడలో కాపురం, మాడుగులపల్లి చుట్టుపక్కల ఊళ్లలో నర్సుగా నా ఉద్యోగం. టీకాల డబ్బా భుజాన వేసుకుని రోజూ నడకే. తొంభైల మొదట్లో నా కుడికాలి బొటనవేలు పక్కకు ఒరిగింది. దాని మొదట్లో ఎముక రేగుపండంత బుడిపెగా పొడుచుకొచ్చింది. ఒరిగిన వేలు పక్కవేలి మట్టెను నొక్కేది, మట్టె మాంసంలోకి దిగేది. సాయంత్రానికి చెప్పులో నెత్తురు.

సూర్యాపేట డాక్టరు ఎముక కోసి వేలు సరిచేయాలన్నాడు. నెలన్నర కాలు కింద పెట్టకూడదట, మళ్లీ ఒరగదన్న హామీ కూడా లేదట. మిర్యాలగూడ డాక్టరమ్మ మాత్రం, "తొందరేం లేదమ్మా. ముందు ఆ మట్టె తీసెయ్యి. వెడల్పు చెప్పులు వేసుకో, వేళ్ల మధ్య దూది పెట్టుకో. ఆర్నెల్లకూ తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ చూద్దాం" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంట్లో ఆ మాట చెప్పగానే అత్తమ్మ చెంపలేసుకుంది. "నా కొడుకు సల్లగుండంగ మట్టెలు తీస్తవా?"

"ఆపరేషన్‌కైనా తీయాల్సిందే కదా అత్తమ్మా!"

"గది వేరే. అయినంక మల్ల తొడుక్కుంటవ్."

మా ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. "అమ్మ చెప్పినట్లు ఆపరేషన్ చేయించుకో. సంతకం నేను పెడ్త."

ఎముక కోయడానికి అందరూ ఒప్పుకున్నారు, మట్టె తీయడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. నొప్పి ఎంతుందని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు మండుతుంది.

ఎవరికీ చెప్పకుండా మా వీధి కంసాలి దగ్గరికి పోయాను. వేలు వాచింది కాబట్టి మట్టె కోయాల్సిందే. ఆయన కత్తెర తీసినవాడల్లా ఆగాడు. "మీ సారును తోల్కరా అమ్మా. ఆయన లేకుండ కోస్తే మాకు పాపం."

కాలు నాది! పాపం ఆయనకట!

ఆ వారమే కోదాడ బస్సెక్కాను. అక్కడ నన్నెవరూ ఎరగరు. బస్సులోనే బొట్టు తుడిచేశాను, పుస్తెలు జాకెట్లోకి తోశాను, ఎడమకాలి మట్టె తీసి సంచిలో వేశాను. కంసాలి కొట్లో కాలు చాపి, "మా ఆయన పోయాడండీ. ఇదొక్కటీ రావట్లేదు" అన్నాను.

"అయ్యో తల్లీ!" అన్నాడాయన. ఇంకో మాట అడగలేదు. రెండు నిమిషాల్లో కోసి చేతిలో పెట్టాడు.

నెల తిరక్కుండా పుండు మానింది. బుడిపె అలాగే ఉంది, దాంతోనే రిటైరయ్యేదాకా నడిచాను. ఆపరేషన్ అవసరం పడలేదు. నా ఎముక కోయడానికి సంతకం పెడతానన్న మనిషి మాత్రం, బోసి వేలు చూసి ఆ నెలంతా నాతో మాట్లాడలేదు.