రెండో గొంతు

ఆమె పోయాక ఆమె పాటలు ఎక్కువయ్యాయి. బతికుండగా విడుదలైనవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పోయి ఏడాది తిరిగేసరికి మా అభిమానుల గ్రూపులో ఎవరూ వినని పాటలు, సగం పాటలు, పాట మొదలవకముందే ఆగిపోయిన ముక్కలు ఎన్నో తిరుగుతున్నాయి. విడుదలకు ముందు స్టూడియోలో పాడి పెట్టుకునే చిత్తుప్రతులన్నమాట. వాటిని డెమోలంటారని నాకూ ఆ గ్రూపులోనే తెలిసింది.

ఆమెది ఉద్దానం వైపు కొబ్బరి తోటల్లో ఒక ఊరు. బాప్టిస్టు చర్చిలో పాడుతూ పెరిగిన పిల్ల. వరి కోతలప్పుడు ఆడవాళ్ళు పాడుకునే వరసలను తీసుకుని, కొత్త డ్రమ్ముల మీద, తన యాసలోనే పాడింది. నేను సాలూరులో లారీ బుకింగ్ ఆఫీసులో పనిచేస్తాను. రాయపూర్ లోడుతో ఘాట్ ఎక్కే లారీల్లో ఆమె పాట పెట్టుకోని డ్రైవరు నాకు తెలిసి లేడు. మా యాసని సినిమాల్లో నవ్వించడానికి వాడుకుంటారు. ఆమె దాంతోనే ఏడిపించింది. అందుకే మాకు ఆమె అంటే అంత ఇది.

కిడ్నీ జబ్బుతో పోయింది. ఆ వైపు ఊళ్ళకు ఆ జబ్బు కొత్త కాదు గానీ, ఆమెకుందని బయట ఎవరికీ తెలియనివ్వలేదు. ఆఖరి పాట విడుదలై ఊరూవాడా మోగుతుండగానే కబురొచ్చింది.

గ్రూపులో గొడవంతా ఆ ఆఖరి పాట గురించే. అందులో మొదటి చరణం సన్నగా, మాటమాటకీ ఆగుతూ సాగుతుంది. రెండో చరణం గట్టిగా, నిండుగా వస్తుంది. డెమో బయటకొచ్చాక చూస్తే అందులో రెండో చరణమే లేదు. అక్కణ్ణుంచి జనం రెండు ముక్కలయ్యారు. డెమోలో ఆగుతూ పాడిందే అసలు కళ అని కొందరు, అన్నీ కలిపి విడుదల చేసిన పాటే గొప్పదని కొందరు. రెండో చరణం కంప్యూటర్ తయారుచేసిందని ఇంకొందరు. "ఆ ఆగడం సూడండ్రా, గుండె పిండీసినట్టు లేదేటి?" అని ఒకడు రాస్తే నేనే దాని కింద పెద్ద వ్యాసం రాశాను. ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఎందుకు తీసుకుందో, దాంట్లో అర్థమేమిటో. చాలామంది మెచ్చుకున్నారు.

తర్వాత ఇంకో ముక్క వచ్చింది. అందులో పాట లేదు. మాటలే ఉన్నాయి. వెనక ఎక్కడో సంగీతం సన్నగా వినబడుతుండగా ఆమె, "కొంచెం ఆగుదాం. ఊపిరందడం నేదు" అంటుంది. ఎవరిదో బరువైన గొంతు దూరం నుంచి, "ఇంకొక్కసారి. ఈ ఒక్కసారికీ పాడీ" అంటుంది. అంతే, ముక్క తెగిపోతుంది.

ఆ గొంతు మగగొంతులా ఉంది. స్టూడియోలో ఉండే మగమనిషి ఎవరు? రికార్డింగ్ చేసేవాడే. విజయనగరంలో చిన్న స్టూడియో నడిపే మనిషి. ఆ సాయంత్రానికే తీర్పు అయిపోయింది. రోగిష్టి పిల్లని ఊపిరాడకుండా పాడించి చంపేశాడన్నారు. అతని ఫోన్ నంబరు ఎవరో గ్రూపులో పెట్టారు. ఇంటి సందు ఫోటో పెట్టారు. స్టూడియో బోర్డుకు తారు పూశారు. పెళ్ళి పాటలు, భక్తి పాటలు రికార్డు చేసుకునేవాళ్ళు రావడం మానేశారు. అతను ఒక్కమాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే తప్పు ఒప్పుకోవడమన్నారు. కొన్నాళ్ళకు స్టూడియోకి తాళం పడింది. మనిషి ఊరొదిలి వెళ్ళాడన్నారు. గ్రూపులో టపాసుల బొమ్మలు పెట్టుకున్నారు.

అదే గ్రూపులో నాకు పరిచయమైన ఒకాయన విజయనగరంలో ఉంటాడు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. వరసేమీ లేకపోయినా బావా అని పిలుచుకుంటాం. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చేశాడు.

"బావా, ఓసారి రావాల. ఫోన్లో సెప్పేది కాదు."

వెళ్ళాను. ఆయన కీబోర్డు ముందు కూర్చుని ఆ మాటల ముక్క పెట్టాడు. "వెనకాల సన్నగా పాట వినపడతన్నాది కదా. ఇది ఆ ఆఖరి పాటే. ఆమె చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్ లోంచి వస్తన్నాది. ఇప్పుడు విడుదలైన పాట విను." రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినిపించి, కీబోర్డు మీద మెట్లు నొక్కి చూపించాడు. ఒకే పాట. కానీ మాటల ముక్కలో శృతి బాగా కిందికి ఉంది.

"ఎందుకలాగ?"

"దీన్ని నెట్‌లోకి ఎక్కించినోడు స్పీడు తగ్గించినాడు. అలాగ చేస్తే ఇది ఫలానా పాటని యాప్ పట్టుకోదు, తీసీదు. పాత ఎత్తే. ఇప్పుడు దీన్ని పాట శృతికి తెస్తాను, విను."

ఫోన్లో ఏదో జరిపి మళ్ళీ పెట్టాడు. ఆమె గొంతు ఆమె గొంతులా వినబడింది. ఆమె అలా మాట్లాడుతుందని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత రెండో గొంతు వచ్చింది. "ఇంకొక్కసారి."

ఆడమనిషి.

బావ దాన్ని ఇంకో రెండుసార్లు పెట్టాడు. వాళ్ళావిడ టీలు తెచ్చి పెట్టి, మా మొహాలు చూసి వెళ్ళిపోయింది.

ఆ పాడే పిల్లకు ఒక్కతే అక్క ఉందని అందరికీ తెలుసు. మా వైపు అక్కని అప్ప అంటారు. పాటల్లో కూడా ఆమె "అప్పా" అని పిలిచేది. ఆ అప్ప శ్రీకాకుళంలో ఒక సందులో మిషను కుట్టుకుని బతుకుతోంది. భర్త పోయాడు. బావా నేనూ ఆ వారంలోనే బస్సెక్కాం. ఏమని అడగాలో దారంతా తేలలేదు.

ఆవిడ నలభై దాటిన మనిషి. మొహం ఉబ్బి ఉంది. పాటలంటే ఇష్టమున్నవాళ్ళమని చెబితే లోపలికి రమ్మంది. మిషను మీది జాకెట్టు ముక్కలు పక్కకు తీసి కూర్చోమంది. బావే ధైర్యం చేశాడు.

"అమ్మా, ఒక ముక్క ఉన్నాది. దాన్లో ఆమె మాటాడింది. మీరు వింటారేటి?"

"మాటాడిందా?" అంది ఆవిడ. "పాటలు ఎక్కడ పడితే అక్కడ ఇనపడతాయి బాబూ. దాని మాటే నేదు నా దగ్గిర. పెట్టండి."

పెట్టాడు. సరైన స్పీడుతో. ఆవిడ ఫోన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. చెల్లెలి మాట రాగానే నవ్వబోయింది. తర్వాతి మాట రాగానే ఆ నవ్వు అలాగే ఆగిపోయింది.

"మళ్ళీ పెట్టండి."

మళ్ళీ పెట్టాడు.

"నేనే అది," అంది. "పాడీమన్నది నేనే."

మేమేమీ అడగలేదు. ఆవిడే చెప్పింది. ఆ రోజు చెల్లెలికి డయాలసిస్ చెయ్యాల్సిన రోజు. మానేసి స్టూడియోకి వెళ్ళారు. ఒళ్ళంతా నీరు పట్టి ఉంది. ఒక చరణం పాడేసరికి ఇంటికెళ్ళిపోదామంది.

"నేనే ఎళ్ళనియ్యనేదు. ఈ పాట పెద్దదైపోతాదని నాకు తెలుసు. పెద్దదైతే పెద్ద డాక్టర్లు సూస్తారు, ఎవులో ఒకలు కిడ్నీ ఇస్తారనుకున్నాను. నాది ఇద్దామంటే పరీక్షలు సేసి, నీకూ అదే మొదలైనాదమ్మా అన్నారు. ఇంకేటుంది నా కాడ? దాన్ని పాడించడమే ఉన్నాది."

"రెండో చరణం?" అన్నాను. అడిగాక అడగకుండా ఉండాల్సింది అనిపించింది.

"అది పాడనేకపోనాది. నువ్వు పాడీయప్పా, ఎవులికీ తెలీదు, మనిద్దరిదీ ఒకటే గొంతు కదా అంది. నేను లోపలికెళ్ళి పాడినాను. అది బయట బల్ల మీద పడుకుని ఇన్నాది."

దేశమంతా మెచ్చుకున్న చరణం అది. మా గ్రూపులో కంప్యూటర్ పాడిందని కొట్టుకు చచ్చింది దాని గురించే. మొదటి చరణంలో ఆమె ఆగి ఆగి పాడడం మీద నేను రాసిన వ్యాసం సంగతి ఆవిడతో అనలేదు.

స్టూడియో ఆయన సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆవిడ లేచి నిలబడింది. ఆవిడకు స్మార్ట్ ఫోన్ లేదు. ఇవేవీ తెలియవు.

"ఆయన్ని తిట్టడమేటి? ఆయన ఆపీమన్నాడు! అమ్మా, పిల్లని తీసుకెళ్ళిపోండి, పాట ఎప్పుడైనా సేసుకుందాం అన్నాడు. నేనే ఇన్నేదు. ఏడున్నాడిప్పుడు?"

బావ కనుక్కునే వచ్చాడు. ఆయన విజయనగరం వదిలి శ్రీకాకుళంలోనే ఒక మైకుసెట్ల దుకాణంలో పనికి కుదిరాడు. ఆవిడ ఆ నిమిషానే చెప్పులేసుకుంది.

దుకాణంలో ఆయన పాడైన స్పీకరు విప్పుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. ముందు మమ్మల్నిద్దరినీ చూసి భయపడ్డాడు. వెనక ఆవిడని చూసి లేచాడు.

"మీరొచ్చినారేటమ్మా?"

"నా గొంతని నీకు తెలీదేటి?"

ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"తెలీదేటని అడగతన్నాను."

"తెలుసమ్మా."

"మరేటి సెప్పనేదు? బోర్డు మీద తారు పూసినారట. ఊరొదిలి వచ్చీసినావట. ఒక్కమాట సెప్పడానికేటి నీకు?"

"సెప్తే మీ ఇంటికొచ్చీసుందురు," అన్నాడాయన. "నన్నైతే తిట్టి పోతారు. మీకు పిల్ల ఎలాగూ దక్కనేదు. మీరు చేసిన తప్పేటమ్మా? పిల్ల బతకాలనుకున్నారు. ఆ మాట ఆ జనాలకి సెప్తే ఆలకి అర్థమవుతాదేటి?"

ఆవిడ అక్కడున్న స్పీకరు పెట్టె మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. కాసేపటికి, "పాత కంప్యూటర్ని రిపేరుకిస్తే ఆ కొట్లోంచి బయటికి పోయినాయమ్మా ఈ డెమోలన్నీ. నేనియ్యలేదు," అన్నాడాయన. దానికి ఆవిడ తలూపింది.

నిజం తన నోటితోనే చెబుతానని పట్టుబట్టిందావిడ. ఆయన వద్దంటే వద్దన్నాడు. చివరికి ఆవిడ మాటే నెగ్గింది. బావ ఫోన్లో రికార్డు చేశాం. "ఆ మాట అన్నది నేను. ఆమెకి అప్పని. స్టూడియో బాబుది తప్పు నేదు. రెండో చరణం పాడింది కూడా నేనే. ఇంక ఈ మాట వదిలీయండి." అంతే. సరైన స్పీడుతో ఉన్న ముక్కనూ, దాన్నీ కలిపి బావ గ్రూపులో పెట్టాడు.

నిజం తెలిస్తే గొడవ ఆగిపోతుందని నేను నమ్మాను. అబద్ధమెందుకు, ఎందరో సిగ్గుపడతారని కూడా అనుకున్నాను. మొదట వచ్చిన మాట, "ఇది ఏఐ." రెండోది, "స్టూడియోవాడు డబ్బులిచ్చి చెప్పించాడు." ఆ తర్వాత స్పీడు మీద వాదన మొదలైంది. బావ చూపించిన శృతి తప్పనీ, అసలు విడుదలైన పాటకే శృతి పెంచారనీ ఒకడు పేజీలకు పేజీలు రాశాడు. ఇంకొకడు నాకు విడిగా రాశాడు. "అన్నా, అప్ప ఇంటికెళ్ళారు కదా. ఆవిడ దగ్గర ఇంకేమైనా డెమోలున్నాయా?" ఆ మర్నాడు బావని గ్రూపులోంచి తీసేశారు. నేను నా అంతట నేనే బయటకొచ్చాను.

ఒక కుర్రాడు మాత్రం శ్రీకాకుళం వెళ్ళి స్టూడియో ఆయన్ని క్షమించమని అడిగాడట. పోయేముందు ఆయన పక్కన నిలబడి సెల్ఫీ దిగాడట. అప్ప చెప్పిన మాటల్ని కూడా ఎవరో వదల్లేదు. "ఆ మాట అన్నది నేను" అన్న ముక్కని డప్పు మీద తిప్పి తిప్పి వేసి పాట చేశారు. ఆవిడ దాన్ని ఆటోలో విన్నది. నాతో చెప్పినప్పుడు కోపంగా చెప్పలేదు. "నా గొంతు అంత బొంగురుగా ఉంటాదా బాబూ?" అని అడిగింది.

వర్షాలు మొదలయ్యేసరికి ఆవిడ కూడా డయాలసిస్‌కి వెళ్ళాల్సి వచ్చింది. తీసుకెళ్ళే మనిషి లేడు. స్టూడియో ఆయనే దుకాణంలో చెప్పి, బండి మీద తీసుకెళ్ళి, అయ్యేదాకా బయట బల్ల మీద కూర్చుని, మళ్ళీ ఇంటి దగ్గర దింపుతాడు. ఒకసారి నేను వెళ్ళినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారని అడిగాను.

"పాటల గురించి మాటాడం," అన్నాడు. "ఆవిడ నన్ను తిన్నావా అంటాది. నేను ఆవిణ్ణి నీళ్ళు తక్కువ తాగమంటాను. అంతే."

మొన్న ఆయనే ఫోన్ చేశాడు. ఒంట్లో నీరు దిగడం లేదనీ, ఇకనుంచి ఇంకా తక్కువ రోజుల తేడాతో తీసుకురమ్మని ఆసుపత్రిలో అన్నారనీ చెప్పాడు. ఆవిడ రానంటోందట. మిషను మీద ఎవరివో జాకెట్లు మిగిలిపోయాయట, అవి కుట్టి ఇచ్చేశాక చూద్దామంటోందట. "మీరొచ్చి ఓ మాట సెప్పండి బాబూ," అన్నాడు. "నేను ఇంకొక్కసారి రమ్మని సెప్పనేను. ఆ మాట నా నోటికి రాదు."

రేపు పొద్దున్న బస్సుకి బయల్దేరుతున్నాను.