నర్సప్ప చికిత్సలో బావగారి పాత్ర

రిటైరవడానికి ముందు నా ఆఖరి పోస్టింగు బీదర్‌లోని ఒక పునరావాస కేంద్రంలో. ఆ ఏడు సోయా కోతలప్పుడు చేరాను. హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు. మందులూ ఆపరేషన్లూ డాక్టరుగారివి, రోగిని కదిలించే పని నాది. రోగులకు ఈ తేడా పట్టదు. మిషను బటన్ ఎవరి చేతిలో ఉంటే వారే డాక్టరమ్మ.

అక్కడి నా రోగి నర్సప్పది దగ్గర్లోని మన్నళ్ళి అనే ఊరు. మూటల ట్రాలీ మీంచి పడి వెన్నుపాము దెబ్బతిన్నది. నరాల దారి పూర్తిగా తెగలేదు కాబట్టి ఆశ ఉంది. ఆయన కోరిక ఒక్కటే. “మరుగుదొడ్డికి నా అంతట నేను పోవాలె. ఇంగొకలు ఎత్తుకపోతె పానం పోయినట్టుంటది.”

మా పద్ధతి మూడు చికిత్సలను కలపడం. నడుముకు పట్టీలు కట్టి పైనుంచి వేలాడదీసి కాళ్ళ మీద బరువు తగ్గిస్తాం. తొడలకు బిళ్ళలు అంటించి కొద్దిగా కరెంటు ఇస్తే కండరం బిగుసుకుని కాలు లేస్తుంది. అదే క్షణంలో రోగి తానూ కాలు లేపాలని గట్టిగా ప్రయత్నించాలి. అలా పైన మెదడు నుంచి కబురూ కింద కాలి కదలికా కలిస్తే మిగిలిన నరాలు పని నేర్చుకుంటాయి. మూడోది నర్సప్ప వంతు. మిషనే అంతా చూసుకుంటుందని నమ్మిన ఆయన పట్టీల్లో హాయిగా కునుకు తీసేవాడు. అడిగితే, “బాయికి మోటరు పెట్టినంక ఎడ్లతోని మోట ఎవడు కొడ్తడమ్మా?” అన్నాడు. బతిమాలాను, కోప్పడ్డాను. గోడకు చెప్పినట్టే.

ఒకరోజు ఆయన అక్క మొగుడు మాణయ్య చూడటానికి వచ్చాడు. “ఏం బామ్మర్ది, ఉయ్యాల మంచిగున్నదా? మా ఇంట్ల తొట్టెలున్న పోరి గూడ నీకంటె జోరుగ కాళ్ళాడిస్తది.”

నర్సప్ప కళ్ళు తెరిచి, “జర ముంగటికి రా బావా, తంత” అన్నాడు. మోకాలు ఎన్నడూ లేవనంత పైకి లేచింది. అనుమానమొచ్చి కరెంటు ఆపేసి, మాణయ్యను ఇంకో మాట అనమన్నాను. కొంచెమే అయినా మళ్ళీ కదిలింది.

మర్నాటి నుంచి మాణయ్యకు డ్యూటీ వేశాను. నేను తల ఊపి బటన్ నొక్కగానే ఆయన ఒక మాట అనాలి. ముందు అన్నా, తర్వాత అన్నా దండగే. బావ కాబట్టి మాటలకు కొదవ లేదు. రౌండుకు వచ్చిన డాక్టరుగారు ఈయనెవరని అడిగితే, ఇదీ చికిత్సేనన్నాను. ఆయన కాసేపు విని, డోసు పెంచవచ్చన్నారు.

చలికాలంలో పట్టీలు విప్పే రోజు వచ్చింది. కమ్మీలు పట్టుకుని సొంత బరువు మీద నిలబడాలి. అది కుదరకుండా మరుగుదొడ్డి మాట ఎత్తలేం. నర్సప్ప నిలబడ్డాడు. తీరా అప్పుడు మాణయ్య తిట్టడం మాని, “మావోడు నిలవడ్డడు” అంటూ కండువాలో ముఖం దాచుకుని ఏడ్చాడు. అది చూసి నర్సప్పకూ ఏడుపొచ్చింది, మోకాళ్ళు మడతపడ్డాయి. నేను నడుము పట్టుకుని, ఏడవాలంటే బయటికి పోయి ఏడవమని, ఇక్కడ ఆయన పని తిట్టడమేనని మాణయ్య మీద అరిచాను. ఆయన ముక్కు చీదుకుంటూ, “లే రా దున్నపోతా, మా బర్రె గూడ ఇంత సేపు కూలవడదు” అన్నాడు. నర్సప్ప లేచాడు.

వాకరుతో ఆయన మొదటిసారి ఒంటరిగా మరుగుదొడ్డికి పోయిన రోజు మాణయ్య తలుపు బయట నిలబడి వెక్కిరింతలు మొదలుపెట్టాడు. “బావా, ఇంగ నువ్వు ఊరికి పో. ఈడ నీ పని లేదు” అని లోపలినుంచి జవాబు వచ్చింది. “పోతున్న” అన్నాడు మాణయ్య, అక్కడినుంచి కదల్లేదు.

చికిత్సలు కలపడమంటే వాటన్నిటినీ ఒకే క్షణానికి రప్పించడమని నాకు అక్కడ తెలిసింది. కరెంటును బటన్ రప్పిస్తుంది. రోగి ప్రయత్నాన్ని ఎవరు రప్పించగలరో ముందుగా కనుక్కోవాలి. మాకు కాలేజీలో ఇది చెప్పలేదు. సిలబస్‌లో బావలు లేరు.